హాస్టల్ నియమావళిలో సహాయక శునకానికి చోటు రాయండి

సంపాదకుల గారికి,

నమస్కారములు. డిగ్రీ, ఇంజినీరింగ్, నర్సింగ్ కళాశాలల ప్రవేశ ప్రకటనలు మీ జిల్లా పుటల్లో వరుసగా వస్తున్న ఈ రోజుల్లో, వాటితో పాటు ఇచ్చే హాస్టల్ దరఖాస్తుల్లోని ఒకే ఒక్క నిబంధన గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను. పెంపుడు జంతువులను ఆవరణలోకి తీసుకురాకూడదన్న నిబంధన గజపతి, రాయగడ, గంజాం జిల్లాల్లో నా కంటపడిన దరఖాస్తుల్లో దాదాపు ప్రతిదానిలోనూ ఉంది. ఆ నిషేధం అన్యాయమని నేను అనను. వందల మంది పిల్లలు ఒకే చూరు కింద ఉండే చోట తలా ఒక కుక్కపిల్లనూ పిల్లినీ తెచ్చుకుంటే వార్డెన్ గతి ఏమవుతుందో నాకు తెలుసు. అయితే, అంగవైకల్యం గల విద్యార్థికి సాయపడటానికి శిక్షణ పొందిన శునకానికి ఈ నిషేధం వర్తించదని దాని కిందనే మరో వాక్యం ఉండాలి. అది లేనందువల్ల ఏం జరుగుతున్నదో ఈ మధ్య దగ్గర నుంచి చూశాను.

నేను ఒడిశాలో ప్రభుత్వ పశువైద్యుడిగా పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి, పర్లాకిమిడిలో ఉంటున్నాను. మా వీధిలో ఒక పెద్దాయన మనవడు అమెరికాలో పెరిగాడు, చిన్నతనంలోనే చూపు పోయింది. అక్కడే ఒక శిక్షణ సంస్థ నుంచి, చూపు లేనివారికి దారి చూపే గైడ్ డాగ్‌ను పొంది దానితో పాటే ఇక్కడికి వచ్చాడు. తాతగారి ఊరికి దగ్గరలో ఉంటూ చదువుకోవాలన్నది అతని కోరిక. సీటు వచ్చింది. హాస్టల్ గది కూడా ఇస్తామన్నారు. తీరా కుక్క సంగతి చెప్పేసరికి, దాన్ని తాతగారింట్లో కట్టేసి అబ్బాయిని ఒక్కణ్ణే పంపమన్నారు. కళాశాల పేరు రాయడం నా ఉద్దేశం కాదు. ఆ మాట చెప్పిన ఉద్యోగి దురుసుగా కూడా మాట్లాడలేదు, పుస్తకంలో ఉన్న నియమాన్ని చదివి వినిపించాడంతే. మర్యాదగా చెప్పినా ఆ అబ్బాయికి దారి మూసుకుపోయింది.

మన పల్లెల్లో దుక్కిటెద్దును ఎవరూ పెంపుడు జంతువు అనరు, అది పని చేసే పశువు. గైడ్ డాగ్‌ను కూడా ఆ వరుసలోనే చూడాలి. దాని పని ఎలాంటిదో తెలియాలంటే ఒక ఉదయం చాలు. ఆ అబ్బాయి బజారుకు బయలుదేరినప్పుడు నేనూ వెంట నడిచాను. లాబ్రడార్ కుక్క, దాని ఛాతీ చుట్టూ తోలు పట్టీ, ఆ పట్టీకి గట్టిగా నిలబడే ఒక పిడి, ఆ పిడి అతని ఎడమ చేతిలో. మురుగు కాలువ మీది పలక ఒకటి విరిగి కింద పడిన చోట కుక్క ఆగిపోయింది. అతను ముందుకు నడవమన్నాడు. అది కదలలేదు, సరికదా అడ్డంగా తిరిగి తన ఒంటితో అతని మోకాళ్లను ఆపింది. అతను కాలి బొటనవేలితో తడిమి, పలక లేదని గ్రహించి, పక్కకు తిప్పమన్నాక కుక్క అతన్ని చుట్టూ తిప్పి తీసుకెళ్లింది. యజమాని చెప్పినా సరే, ప్రమాదం ఉంటే మాట వినకపోవడం ఈ శునకాలకు ప్రత్యేకంగా నేర్పే విద్య. నా ఉద్యోగ కాలంలో ఎన్నో మంచి కుక్కలను చూశాను గాని, చెప్పిన మాట వినకపోవడాన్ని ఇంత బాధ్యతగా చేసే కుక్కను చూడలేదు. ఆ పక్కనే టీ కొట్టు ఆయన ముచ్చటపడి బిస్కెట్ విసిరాడు. కుక్క మూతి అటు తిప్పి మళ్లీ ఇటు తిప్పుకుంది. పట్టీ వేసి ఉన్నంతసేపు దానికి తిండి పెట్టకూడదని, నిమరకూడదని, పేరు పెట్టి పిలవకూడదని ఆ అబ్బాయి నవ్వుతూనే చెప్పాడు. ఈ మూడు సంగతులూ హాస్టల్ గోడ మీద ఒడియాలోనూ తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసిపెడితే సగం పని అయిపోతుంది.

ఇటువంటి శునకాలకు ఏడాది వయసు వచ్చేదాకా ఒక కుటుంబంలో పెంచి, మనుషుల గుంపులకూ చప్పుళ్లకూ అలవాటు చేసి, ఆ తర్వాత నెలల తరబడి వృత్తి శిక్షణ ఇస్తారు. చివరగా యజమానికీ కుక్కకూ కలిపి శిక్షణ ఉంటుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో చూపు కోల్పోయిన సైనికుల కోసం 1916లో జర్మనీలోని ఓల్డెన్‌బర్గ్‌లో ఇటువంటి పాఠశాల తెరిచారు. అమెరికాలో ‘సీయింగ్ ఐ’ సంస్థ 1929లో మొదలైంది. అంటే ఇది నిన్న మొన్నటి మోజు కాదు, శతాబ్దం దాటిన వృత్తి. చూపు లేనివారికే కాక, చెవులు వినిపించని వారికి తలుపు చప్పుడును, మంటల అలారాన్ని తెలియజేసేవి, మూర్ఛ వచ్చి పడిపోయినప్పుడు ఇతరులను పిలిచేవి, రక్తంలో చక్కెర పడిపోతుంటే వాసనతో పసిగట్టి హెచ్చరించేవి కూడా ఉన్నాయి. మన దేశంలో వీటి సంఖ్య చాలా తక్కువ, అందుకే ఇటువంటి విద్యార్థి వచ్చినప్పుడు ఏ వార్డెన్‌కైనా అదే మొదటి అనుభవం అవుతుంది. గేటు దగ్గర వాచ్‌మన్ ఒకవైపు, సామాన్లతో తల్లిదండ్రులు మరోవైపు నిలబడి ఉండగా తీసుకునే నిర్ణయం సరిగా ఉండే అవకాశం తక్కువ. కనుక నియమం ముందే రాసి ఉండాలంటున్నాను.

చట్టం ఏమంటున్నదన్న ప్రశ్న సహజంగా వస్తుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. అందులో కుక్క అన్న మాట ఎక్కడా లేదని కళాశాల వారు అంటే, అది నిజమే. కాని అందులోని 16వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ నిధులు గాని గుర్తింపు గాని ఉన్న ప్రతి విద్యాసంస్థా వైకల్యం గల విద్యార్థులను వివక్ష లేకుండా చేర్చుకోవాలి, భవనాలూ ఆవరణా వారికి అందుబాటులో ఉండేలా చూడాలి, ఆ విద్యార్థి అవసరాన్ని బట్టి సముచితమైన సర్దుబాటు చేయాలి. సంస్థ మీద మోయలేని భారం పడకుండా, ఇతరులతో సమానంగా హక్కులు అనుభవించడానికి ఒక వ్యక్తి విషయంలో అవసరమయ్యే మార్పును ఆ చట్టం సముచిత సర్దుబాటు అంటున్నది. 2021 ఫిబ్రవరిలో, పరీక్షలో తన తరఫున రాసేవారు కావాలని కోరిన వికాస్ కుమార్ అనే అభ్యర్థి కేసులో సుప్రీంకోర్టు కూడా, ఆ సర్దుబాటును ప్రతి వ్యక్తి అవసరాన్ని విడిగా చూసి నిర్ణయించాలే గాని జాబితాలో లేదని తోసిపుచ్చకూడదన్న ధోరణిలోనే తీర్పు ఇచ్చింది. ఇక మన దేశం 2007 అక్టోబర్‌లో ఆమోదించిన ఐక్యరాజ్యసమితి ఒప్పందం, వికలాంగులు తిరగడానికి పనికివచ్చే పరికరాలతో పాటు సజీవ సహాయ రూపాలను, అంటే ప్రాణి ద్వారా అందే సాయాన్ని కూడా అందుబాటులోకి తేవాలని 20వ అధికరణంలో చెబుతున్నది. ఒక నేల అంతస్తు గది, ఆవరణలో ఒక మూల, ఒక నోటీసు కాగితం — ఇవి మోయలేని భారమని ఏ కళాశాల వాదించగలదో నాకు అర్థం కాదు. ఈ చట్టం కేంద్రానిది కాబట్టి ఇటు గుణుపురం, బరంపురం కళాశాలలకు ఎంత వర్తిస్తుందో, మన పిల్లలు చదువుకోసం వెళ్లే శ్రీకాకుళం, విశాఖపట్నం కళాశాలలకూ అంతే వర్తిస్తుంది. సరిహద్దు దాటితే హక్కు మారిపోదు.

అమెరికా ఉదాహరణ ఎందుకంటారేమో గాని, అక్కడ ఈ వివాదాలన్నీ ముందే జరిగి తేలాయి కనుక చూడటం మంచిది. అక్కడ 1990 నాటి వికలాంగుల చట్టం కింద, సహాయక శునకంతో వచ్చిన వ్యక్తిని రెండు ప్రశ్నలు మాత్రమే అడగవచ్చు: ఈ శునకం మీ వైకల్యం వల్ల అవసరమైందా, ఏ పని చేయడానికి దీనికి శిక్షణ ఇచ్చారు అని. ఇతరులకు కుక్కలంటే భయమనో, ఎలర్జీ అనో చెప్పి నిరాకరించడానికి వీల్లేదు, ఇద్దరికీ వేర్వేరు చోట్లు చూపించాలి. అదనపు రుసుము వసూలు చేయకూడదు. అయితే కుక్క అదుపు తప్పితే గాని, ఇంట్లో మలమూత్రాలు చేస్తే గాని దాన్ని బయటకు పంపమనే హక్కు సంస్థకు ఉంది. విద్యార్థుల వసతి గృహాలు ఇళ్ల కిందికి వస్తాయా రావా అన్న తగవు నెబ్రాస్కా విశ్వవిద్యాలయం కర్నీ ప్రాంగణం విషయంలో కోర్టుకెక్కింది. వస్తాయని, గృహ వివక్ష నిరోధక చట్టం వాటికీ వర్తిస్తుందని 2013లో న్యాయస్థానం తేల్చింది. 2015లో ఆ విశ్వవిద్యాలయం 1,40,000 డాలర్లు చెల్లించి, నియమావళి మార్చుకుని రాజీపడింది. ఆ సొమ్ముతో ఎన్ని గదులు బాగుచేయించుకోవచ్చో మన పాలకమండళ్లు లెక్కవేసుకోవచ్చు.

అదే దేశంలో మరో తంతు కూడా నడిచింది. మనసుకు ఊరటనిచ్చే జంతువు పేరుతో, ఏ శిక్షణా లేని పెంపుడు జంతువులకు ఇంటర్‌నెట్‌లో డబ్బిచ్చి ధ్రువపత్రాలు కొనుక్కుని విమానాలెక్కేవారు ఎక్కువయ్యారు. చివరికి వాటిని సేవా జంతువులుగా గుర్తించనక్కర్లేదని 2021 నుంచి అక్కడి విమానయాన నియమాలు మార్చారు. ఈ రెంటినీ ఒకే గాటన కట్టవద్దని మన కళాశాలలకు కూడా మనవి. మానసిక వైద్యుడి సలహా మీద ఎవరైనా అటువంటి కోరిక కోరితే అది విడిగా చూడవలసిన సంగతి. ఈ ఉత్తరం పనికి శిక్షణ పొందిన శునకాల గురించి మాత్రమే.

నకిలీలను ఎలా పట్టుకోవాలన్నది వార్డెన్లు అడిగే మొదటి ప్రశ్న. ఇక్కడ అమెరికా పద్ధతికి నేను పూర్తిగా ఒప్పుకోను. అక్కడ కాగితం అడగరాదు. మన దగ్గర ఇటువంటి శునకాలు అరుదు కాబట్టి, శిక్షణ సంస్థ ఇచ్చిన పత్రం, విద్యార్థి యూడీఐడీ కార్డు (వికలాంగులకు ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు కార్డు) లేదా వైద్యుల ధ్రువపత్రం, కుక్క టీకాల పుస్తకం చూపించమనడంలో తప్పు లేదని నా అభిప్రాయం. విదేశంలో పెరిగిన పిల్లలకు ఇక్కడి కార్డు వెంటనే దొరకదు, అక్కడి పత్రాన్ని అంగీకరించాలి. ఇవి చూపించమనడం వేరు, నెలల తరబడి తిప్పించడం వేరు. ఆపైన ఒక గంటసేపు కుక్కను గమనిస్తే కాగితం చెప్పనిది కూడా తెలిసిపోతుంది. శిక్షణ పొందినది మెస్ హాలులో బల్ల కింద పడుకుని, పక్కన కంచం కింద పడినా లేవదు. మొరిగి మీదికెగిరేదీ, ఎంగిలి కోసం ముక్కు చాచేదీ ఎంత ఖరీదైన జాతిదైనా సహాయక శునకం కాదు.

ఆరోగ్యం సంగతి నా వృత్తిది కాబట్టి కొంచెం ఎక్కువ రాస్తాను. మన ఊళ్లలో కుక్క అనగానే మొదట గుర్తొచ్చేది రేబీస్, అది సహజం కూడా. రేబీస్ సోకిన జంతువు లాలాజలం గాయంలో పడితే వ్యాధి వస్తుంది, లక్షణాలు మొదలయ్యాక దాదాపు ఎవరూ బతకరు. అందుకే ఏటా టీకా వేయించిన దాఖలా ఉండి తీరాలని నేనూ గట్టిగా చెబుతాను. దానితో పాటు లెప్టోస్పైరా, పార్వో, డిస్టెంపర్ టీకాలు, క్రమం తప్పకుండా నులిపురుగుల మందు, గోమార్లు పట్టకుండా నెలనెలా మందు కూడా ఉండాలి. వానాకాలంలో ఎలుకల మూత్రం కలిసిన నీరు నిలిచే చోట లెప్టోస్పైరా మనుషులకూ కుక్కలకూ సోకుతుంది, కాబట్టి హాస్టల్ వెనుక మురుగు నిలవకుండా చూడటం కుక్క ఉన్నా లేకపోయినా చేయవలసిన పనే. ఆరు నెలలకొకసారి బ్లాక్ పశువైద్యుడి దగ్గర పరీక్ష చేయించి ఆ కాగితం కార్యాలయంలో ఇవ్వమంటే సరిపోతుంది. ఇంతటి వైద్య రక్షణలో ఉన్న జంతువు వల్ల విద్యార్థులకు వచ్చే అపాయం, మెస్ వెనుక ఎంగిలాకుల దగ్గర మూగే వీధికుక్కల వల్ల వచ్చే అపాయంలో నూరో వంతు కూడా ఉండదు.

నిజానికి ఆ వీధికుక్కల వల్ల గైడ్ డాగ్‌కే ఎక్కువ ప్రమాదం. ఒక్కసారి గుంపు మీదపడి కరిస్తే, భయపడిపోయి ఆ శునకం పనికి రాకుండా పోవచ్చు, ఏళ్ల శిక్షణ అంతటితో వృథా. విద్యాసంస్థలు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల్లోకి వీధికుక్కలు రాకుండా కంచెలు వేయాలని 2025 నవంబర్ 7న సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ ఉత్తర్వును అమలు చేసే హడావుడిలో, ఆవరణలో ఏ కుక్కా ఉండరాదని ఒక సర్క్యులర్ తీసి, దాని కింద సహాయక శునకాన్ని కూడా గేటు బయట నిలబెట్టే ప్రమాదం ఉందని నాకు అనుమానం. ఉత్తర్వు వీధికుక్కల గురించి. దాన్ని సక్రమంగా అమలు చేస్తే గైడ్ డాగ్‌తో వచ్చే విద్యార్థికి మేలే జరుగుతుంది.

మలమూత్రాల శుభ్రత గురించి అడగడానికి చాలామంది మొహమాటపడతారు గాని, మనసులో ఉన్న అభ్యంతరం అదే. ఈ శునకాలు చెప్పిన వేళకు, చెప్పిన చోటే ఆ పని ముగించుకుంటాయి. చూపు లేని యజమాని దాని వీపు మీద చేయి వేసి, వంగిన తీరును బట్టి ఎక్కడ చేసిందో తెలుసుకుని, చేతికి సంచి తొడుక్కుని తానే తీసి పారేస్తాడు. మా వీధి అబ్బాయి అలా చేయడం నేను చూశాను. అంతా అయ్యాక చేతులు కడుక్కోవడానికి కుళాయి ఎక్కడుందని అడిగాడు, మా వీధిలో కుక్కలను పెంచే కళ్లున్నవారు ఎవరూ నన్ను ఎన్నడూ అడగని ప్రశ్న. కళాశాల ఇవ్వవలసిందల్లా ఇసుకో గడ్డో ఉన్న ఒక మూల, మూత ఉన్న చెత్తడబ్బా, దగ్గరలో కుళాయి. తిండి ఖర్చు, వైద్యం ఖర్చు విద్యార్థివి. కుక్క ఏదైనా పాడుచేస్తే నష్టం కట్టవలసిందీ అతనే.

తోటి విద్యార్థుల మాట ఎలా అంటే, కుక్క కాటు తిని సూదులు పొడిపించుకున్న పిల్లలు మన జిల్లాల్లో కొల్లలు. వారి భయాన్ని వెక్కిరించడం మంచిది కాదు. ఆచారరీత్యా కుక్క తగిలితే మళ్లీ శుభ్రపడవలసి ఉందనుకునే వారూ ఉంటారు, ముస్లిం విద్యార్థులకు ప్రార్థనకు ముందు లాలాజలం తగలడం ఇబ్బంది, పూజ గది పక్కన వద్దనే హిందూ విద్యార్థులూ ఉంటారు. ధర్మరాజు కుక్క కథ చెప్పి వీరి నోళ్లు మూయించనక్కర్లేదు. గదులు కేటాయించే ముందే ఎవరికి అభ్యంతరమో అడిగి తెలుసుకుని, అభ్యంతరం ఉన్నవారికి వేరే గది ఇవ్వాలి. మారవలసి వచ్చిన వారికి గాలీ వెలుతురూ తక్కువ ఉన్న గది అంటగట్టి, ఆ కోపం కుక్క మీదికి మళ్లేలా చేయకూడదు. వంటగదిలోకి శునకం వెళ్లనక్కర్లేదు, భోజనాల హాలులోకి వెళ్లాలి. చివరి బల్ల దగ్గర గోడవైపు చోటు ఇస్తే వడ్డించేవారి కాళ్లకు అడ్డురాదు. వడ్డించేవారికి కూడా ముందే చెప్పి ఉంచాలి, ఎందుకంటే ప్రేమకొద్దీ చేప ముళ్లు విసిరేది వారే.

ఎండ గురించి, తుఫాను గురించి కూడా నియమావళిలో రెండు మాటలు ఉండాలి. మే నెలలో మన తారు రోడ్డు మీద అరచేయి ఐదు సెకన్లు పెట్టలేకపోతే కుక్క పాదాలు కూడా దాన్ని భరించలేవు. ఆ రోజుల్లో హాస్టల్ నుంచి తరగతికి నీడ ఉన్న దారి చూపించాలి. 2018 అక్టోబర్ 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుఫాను మా గజపతి జిల్లాలో ఎంత విధ్వంసం చేసిందో మీ పాఠకులకు గుర్తుండే ఉంటుంది. అటువంటి రాత్రి హాస్టల్ ఖాళీ చేయించవలసి వస్తే, వార్డెన్ చేతిలోని పేర్ల జాబితాలో ఆ విద్యార్థి పక్కనే అతని శునకం కూడా రాసి ఉండాలి. చిమ్మచీకట్లో, తెలియని ఆశ్రయ కేంద్రంలో అతన్ని ఒంటరిగా వదిలేసే పరిస్థితి రాకూడదు.

మన దేశంలో విమానాల్లో సైతం శిక్షణ పొందిన సహాయక శునకాన్ని యజమాని పాదాల దగ్గర కూర్చోబెట్టుకోనిస్తారు. ఇరుకైన విమానంలో కుదిరినది ఎకరాల కొద్దీ ఉన్న కళాశాల ఆవరణలో ఎందుకు కుదరదో చెప్పవలసింది నిరాకరించే వారే. అటువంటి నిరాకరణ ఏదైనా నోటిమాటగా, ఫోన్‌లో చెప్పి సరిపెట్టకుండా కారణాలతో కాగితం మీద ఇవ్వాలని కూడా నియమం ఉండాలి. కాగితం చేతిలో ఉంటే విద్యార్థి భువనేశ్వర్‌లోని రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌ను ఆశ్రయించగలడు. నోటిమాట మీద ఫిర్యాదు నిలబడదని ఆఫీసుల చుట్టూ తిరిగిన ప్రతివారికీ తెలుసు.

మా వీధి అబ్బాయి ప్రస్తుతం కళాశాలకు దగ్గరలో ఒక మేడ మీద గది అద్దెకు తీసుకున్నాడు. హాస్టల్ రుసుముకన్నా ఎక్కువ కడుతున్నాడు, మెస్‌లో తోటివారితో కలిసి తినే అవకాశం లేదు, రాత్రి చదువుల్లో పాలుపంచుకునే వీలూ లేదు. వచ్చే సెమిస్టర్‌కైనా అతన్ని హాస్టల్‌లోకి తీసుకోవాలని పాలకమండలికి అతని తాతగారు అర్జీ పెట్టారు, జవాబు రావలసి ఉంది.

ఏ కళాశాలకైనా ఉపయోగపడుతుందని, సహాయక శునకాల ఆరోగ్య పరీక్షకు ఒక పేజీ నమూనా పత్రం ఒడియాలోనూ తెలుగులోనూ తయారుచేసి ఉంచాను. టీకాల తేదీలు, నులిపురుగుల మందు, చర్మం, దంతాలు, పాదాలు, ప్రవర్తన పరిశీలన అందులో ఉన్నాయి. కావలసిన వారు మీ పర్లాకిమిడి విలేకరి ద్వారా తెప్పించుకోవచ్చు. పరీక్ష చేసిపెట్టమన్నా వచ్చి చేస్తాను, రుసుము అక్కర్లేదు.

ఇట్లు,
ఒక విశ్రాంత పశువైద్యుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా.